ప్రోస్టేట్ రేడియేషన్: మెషీన్ గది బయట సరిదిద్దాల్సిన పనులు

రేడియేషన్ ఆంకాలజీ విభాగాధిపతులకు, యూరాలజిస్టులకు, ఆసుపత్రి యాజమాన్యాలకు,

నమస్కారం.

కొత్త మెషీన్ కొనమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడానికి ఇప్పుడు వాడుకలో ఉన్న లీనియర్ యాక్సిలరేటర్లు (కిరణాలు పుట్టించే మెషీన్లు) కిరణాన్ని ప్రోస్టేట్ గ్రంథి ఆకారానికి తగ్గట్టు మలచగలవు. చాలా వాటిలో రోగి బల్ల మీద ఉండగానే సీటీ తీసి చూసుకోవచ్చు. ఆ రోజు డోసు ఇవ్వడానికి రెండు మూడు నిమిషాలు చాలు. చికిత్స చెడేది ఎక్కువగా ఆ గదిలో కాదు. దానికి ముందు గంటలో చెడుతోంది, ఎన్ని సిట్టింగులో (మొత్తం డోసును ఎన్ని విడతలుగా ఇవ్వాలో) అలవాటు కొద్దీ రాసేసినప్పుడు చెడుతోంది, నడుము నొప్పి అని ఫోన్ చేసిన మనిషిని వచ్చే వారం ఓపీకి రమ్మన్నప్పుడు చెడుతోంది. వీటిని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పట్టించుకునేవాళ్లు కావాలి, అంతే.

ముందు మూత్రాశయం, మలాశయం సంగతి చూద్దాం. ప్రోస్టేట్ ఎముకకు అతుక్కుని ఉండదు. పైన మూత్రాశయం, వెనకాల ఆనుకునే మలాశయం. మలాశయంలో గ్యాసో మలమో చేరితే గ్రంథి ముందుకు జరుగుతుంది, ఖాళీ అయితే వెనక్కి వస్తుంది. చాలామందిలో ఈ కదలిక కొన్ని మిల్లీమీటర్లే, ఒక్కోసారి మాత్రం సెంటీమీటరు కూడా దాటుతుంది. ఈ కదలిక కోసం గ్రంథి చుట్టూ మనం అదనంగా కలుపుకునే మార్జిన్ సాధారణంగా 5 నుంచి 8 మిల్లీమీటర్లు, మలాశయం వైపు ఇంకా తక్కువ. లెక్కగా వేసిన ప్లాన్ గురి తప్పడానికి ఒక్క గ్యాస్ బుడగ చాలు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ప్లానింగ్ సీటీ (కిరణాలు ఎక్కడ పడాలో నిర్ణయించడానికి ముందుగా తీసే స్కాన్) రోజున జరిగేది. ఆ రోజు మలాశయం ఉబ్బి ఉంటే, ముందుకు నెట్టుకుపోయిన గ్రంథినే అసలు స్థానం అనుకుని గీతలు గీస్తాం. తర్వాతి రోజుల్లో మలాశయం మామూలుగా ఉంటుంది, గ్రంథి వెనక్కి వస్తుంది, దాని వెనక అంచుకు డోసు తగ్గుతుంది. క్యాన్సర్ ఎక్కువగా ఉండేది గ్రంథి వెనక భాగంలోనే. రోజువారీ ఇమేజింగ్ లేని రోజుల్లో ఇలా ఉబ్బిన మలాశయంతో ప్లాన్ చేసినవారిలో పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ తెలిపే రక్తపరీక్ష అంకె) మళ్లీ పెరగడం ఎక్కువగా కనబడిందని 2005లో వచ్చిన ఒక విశ్లేషణ చూపింది. ఇప్పుడు రోజూ స్కాన్ తీసి సరిచేస్తున్నాం కదా అనుకోవచ్చు. బల్లను జరపడం వల్ల స్థానం సరిపోతుంది గానీ, ఉబ్బినప్పుడు మారిన ఆకారం సరిపోదు. అందుకే మలాశయం ముందు నుంచి వెనకకు 4 సెంటీమీటర్లు దాటి కనబడితే రోగిని బల్ల దింపి, గాలి, మలం పోయాక మళ్లీ సీటీ తీయాలి. అవసరమైతే చిన్న ఎనిమా ఇవ్వాలి. అయినా కుదరకపోతే రెండు రోజులు మలం మెత్తబడే మందు ఇచ్చి రప్పించాలి. బయట క్యూ పెరుగుతోందని టెక్నాలజిస్టు దీన్ని దాటవేయకుండా చూడాల్సింది మీరే. 'సీటీ మళ్లీ తీసే అధికారం టెక్నాలజిస్టుకు ఉంది' అని ఒక్క వాక్యం రాతపూర్వకంగా ఇవ్వండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

నీళ్ల విషయం తేలిగ్గా కనబడుతుంది గానీ దానిలోనే ఎక్కువ తికమక. మూత్రం పోసి రావడం, పది నిమిషాల్లో 350 నుంచి 500 మిల్లీలీటర్ల నీళ్లు తాగడం, 30 నుంచి 45 నిమిషాలు ఆగడం: చాలాచోట్ల పద్ధతి ఇదే. నిండిన మూత్రాశయం చిన్నపేగును పైకి నెడుతుంది, తన పైభాగాన్ని కూడా కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. ఇది ఎక్కడ తప్పుతుందంటే, పొద్దున్నుంచి గొంతు తడుపుకోని మనిషి అరలీటరు తాగితే ఆ నీళ్లు ముందు ఒంటికి పడతాయి, ముప్పావు గంటలో మూత్రాశయానికి పెద్దగా చేరవు. అందుకని ముందు రోజు నుంచే బాగా నీళ్లు తాగమని చెప్పాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. ప్లానింగ్ రోజున రెండు గంటలు కూర్చోబెట్టి, పొంగిపొర్లేంత నిండిన మూత్రాశయంతో సీటీ తీస్తారు. మూడో వారానికి రేడియేషన్ వల్ల మంట మొదలై అంత మూత్రం ఆపుకోవడం ఎవరికీ చేతకాదు. ఇక ప్రతిరోజూ స్కాన్ ప్లాన్‌తో సరిపోలదు. గరిష్ఠంగా నింపడం లక్ష్యం కాదు, రోజూ హాయిగా ఆపుకోగలిగినంత నింపడం లక్ష్యం. రాత్రిపూట నాలుగైదు సార్లు లేచే మనిషికి మొదటి నుంచే తక్కువ నీళ్లతో ప్లాన్ వేయడం మంచిది. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్ర వేసుకునేవారు దాన్ని సిట్టింగ్ అయ్యాక వేసుకోవచ్చేమో మందు రాసిన డాక్టరును అడిగి చెప్పండి.

నీళ్లు ఎప్పుడు తాగాలో రోగి గడియారం చూసి నిర్ణయించుకోకూడదు. మెషీన్ ఎంత ఆలస్యంగా నడుస్తోందో తెలిసిన టెక్నాలజిస్టే బయటికి వచ్చి 'ఇప్పుడు తాగండి' అని చెప్పాలి. లేకపోతే పెద్దవయసు మనిషి నిండిన మూత్రాశయంతో గంటసేపు బయట బెంచీ మీద కూర్చుని, ఆపుకోలేక పోసేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మెషీన్ గది పక్కనే మరుగుదొడ్డి లేని విభాగాలు ఇంకా ఉన్నాయి. యాజమాన్యాలు ముందు ఆ పని చూడాలి.

రోజువారీ స్కాన్‌లో తుంటి ఎముకలు సరిపోయాయని 'ఓకే' కొట్టడం ఇంకో తప్పు. సరిపోల్చాల్సింది ప్రోస్టేట్‌ను. దానికోసమే గ్రంథిలో మూడు చిన్న బంగారు మార్కర్లు పెడతాం. పెట్టాక వాపు తగ్గడానికి దాదాపు వారం ఆగి ప్లానింగ్ సీటీ తీయాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అన్నది మార్కర్లు పెట్టే రోజు కాకుండా, అపాయింట్‌మెంట్ ఇచ్చే రోజే అడగాలి. కటిభాగంలోని లింఫ్ గ్రంథులకూ కలిపి చికిత్స చేస్తుంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. లింఫ్ గ్రంథులు ఎముకతో పాటు ఉంటాయి, ప్రోస్టేట్ మలాశయంతో పాటు కదులుతుంది, బల్ల మాత్రం ఒక్కటే. ప్రోస్టేట్ కోసం ఎంత జరిపితే లింఫ్ గ్రంథులు మార్జిన్ దాటిపోతాయో ఫిజిసిస్టు (డోసు లెక్కలు చూసే నిపుణుడు) ముందే లెక్కగట్టి మెషీన్ దగ్గర కాగితం అంటించాలి. ఆ హద్దు దాటితే రోగిని లేపి మలాశయం ఖాళీ చేయించడమే దారి.

ఇక సిట్టింగుల సంఖ్య. ఒకప్పుడు 2 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) చొప్పున 37 నుంచి 40 సిట్టింగులు. 2016లో ఫలితాలు వచ్చిన చిప్ ట్రయల్‌లో (రోగులపై చికిత్సలను పోల్చి చూసే అధ్యయనంలో) 20 సిట్టింగుల్లో 60 గ్రే ఇవ్వడం, 37 సిట్టింగుల్లో 74 గ్రే ఇవ్వడం కన్నా తీసిపోలేదని తేలింది. 2019లో హైపో-ఆర్‌టీ-పీసీ ట్రయల్ 7 సిట్టింగుల్లో 42.7 గ్రేతో అదే చూపింది. 2024లో వెలువడిన పేస్-బీ ఫలితాల్లో 5 సిట్టింగుల్లో 36.25 గ్రే తీసుకున్నవారిలో 95.8 శాతం మంది, మామూలు పద్ధతిలో తీసుకున్నవారిలో 94.6 శాతం మంది అయిదేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు ఒక్కో సిట్టింగ్‌లో డోసు పెంచితే చాలా ఇతర క్యాన్సర్ల కణాల కన్నా ఎక్కువగా దెబ్బతింటాయి. తక్కువ సిట్టింగులు పనిచేయడం వెనకున్న కారణం అదే. అందరికీ అయిదే ఇవ్వమని మేము అనడం లేదు. పేస్-బీలో ఉన్నది తక్కువ, మధ్యస్థ ప్రమాద స్థాయి రోగులే, పైగా మూత్ర ఇబ్బందులు అయిదు సిట్టింగుల వైపు కొంత ఎక్కువ. గ్రంథి మరీ పెద్దదైనా, మూత్రధార ఇప్పటికే సన్నబడినా, ఈమధ్యే టీయూఆర్‌పీ ఆపరేషన్ (మూత్రనాళం గుండా ప్రోస్టేట్‌ను కొంత తొలిచి తీసేది) అయినా, పెద్దపేగులో దీర్ఘకాల వాపు జబ్బు ఉన్నా ఆచితూచి వెళ్లాలి. రోజూ ఇమేజింగ్ చేయలేని మెషీన్ మీద ఒక్కో సిట్టింగ్‌లో 7 గ్రే ఇవ్వడం సాహసం కాదు, నిర్లక్ష్యం. కానీ 20 సరిపోయే మనిషికి 39 రాస్తే ఎందుకు రాశారో ఫైల్లో కారణం ఉండాలి. రాయడానికి కారణం దొరకకపోతే అది అలవాటే.

అసలు రేడియేషన్ అక్కర్లేని వారి మాట కూడా చెప్పాలి. ప్రోటెక్ట్ ట్రయల్ పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. గ్రంథి దాటని క్యాన్సర్‌లో కనిపెట్టుకుని ఉండటం, ఆపరేషన్, రేడియేషన్, ఏది ఎంచుకున్నా ఆ క్యాన్సర్‌తో చనిపోయినవారు వందకు ముగ్గురు. వేరే అవయవాలకు పాకడం మాత్రం కనిపెట్టుకుని ఉన్నవారిలో 9.4 శాతం, మిగతా రెండు పద్ధతుల వారిలో అయిదు శాతం దరిదాపుల్లో. తక్కువ ప్రమాద స్థాయి రోగికి ఈ అంకెలు చూపించకుండా సంతకం తీసుకోవడం సరికాదు.

వ్యాధి పాకిన వారి దగ్గరకు వస్తే, 'ఎముకలో మచ్చలు వచ్చాయి, ఇక ప్రోస్టేట్‌కు రేడియేషన్ దేనికి?' అన్న మాట ఇంకా వినబడుతోంది. 2018 నాటి స్టాంపీడ్ ఫలితాలు చూడండి. మొదట కనుగొన్నప్పుడే వ్యాధి పాకి, పాకింది కొద్దిగా మాత్రమే అయినవారిలో, హార్మోన్ చికిత్సతో (క్యాన్సర్‌ను పెంచే టెస్టోస్టిరాన్‌ను తగ్గించే చికిత్సతో) పాటు ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇస్తే మూడేళ్లకు బతికున్నవారు 73 నుంచి 81 శాతానికి పెరిగారు. ఇచ్చింది 20 సిట్టింగుల్లో 55 గ్రే, లేదా వారానికి ఒకటి చొప్పున 6 సిట్టింగుల్లో 36 గ్రే. ఎక్కువగా పాకినవారిలో ఆ లాభం కనబడలేదు. ఇక్కడ ఎక్కువ అంటే, ఊపిరితిత్తులు, కాలేయం వంటి అవయవాలకు చేరడం, లేదా నాలుగు అంతకన్నా ఎక్కువ ఎముక మచ్చలు ఉండి వాటిలో కనీసం ఒకటి వెన్నుపూసలు, కటి ఎముక దాటి ఉండటం. ఒక జాగ్రత్త: ఆ ట్రయల్‌లో మచ్చలు లెక్కపెట్టింది బోన్ స్కాన్, సీటీతో. ఇప్పుడు పీఎస్ఎంఏ పెట్ స్కాన్ (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీదుండే పీఎస్ఎంఏ అనే ప్రోటీన్‌ను పట్టి చూపేది) అంతకు ముందు కనబడని చిన్న మచ్చలనూ చూపిస్తుంది. పెట్‌లో అయిదు మచ్చలు కనబడ్డాయని, బోన్ స్కాన్‌లో రెండే ఉన్న మనిషికి ప్రోస్టేట్ రేడియేషన్ ఎగ్గొట్టడం ట్రయల్‌ను తప్పుగా చదవడమే.

నొప్పి పెట్టే ఎముక మచ్చకు ఒక్క సిట్టింగ్‌లో 8 గ్రే ఇస్తే వచ్చే ఉపశమనం, అయిదు సిట్టింగుల్లో 20, పది సిట్టింగుల్లో 30 గ్రే ఇచ్చినదానితో సమానం. ఎన్నో ట్రయల్స్ ఇదే చెప్పాయి. తేడా ఒక్కటే. ఒక్క సిట్టింగ్ తీసుకున్నవారిలో సుమారు వందకు ఇరవై మందికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది, ఎక్కువ సిట్టింగుల వారిలో ఎనిమిది మందికి. మళ్లీ ఇవ్వడానికి కుదురుతుంది కాబట్టి అది పెద్ద లోటు కాదు. నొప్పితో బాధపడుతున్న మనిషిని పది రోజులు స్ట్రెచర్ మీద తిప్పడం పెద్ద లోటు. బిల్లు సిట్టింగుల లెక్కన పడే చోట పది సిట్టింగులు ఎందుకు చావవో అందరికీ తెలుసు. విరిగే ప్రమాదం ఉన్న తొడ ఎముకకు మాత్రం ముందు ఆర్థోపెడిక్ సర్జన్ చూడాలి, రాడ్ వేయాల్సి రావచ్చు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియేషన్‌కూ లెక్క వేరు.

ఒక్క సిట్టింగ్ ఇచ్చి పంపేటప్పుడు రెండు విషయాలు చెప్పకపోవడం వల్ల రోగులు నమ్మకం పోగొట్టుకుంటారు. మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గకపోగా పెరగవచ్చు. దీన్ని తగ్గించడానికి వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు సిట్టింగ్ రోజు నుంచి అయిదు రోజులు ఇవ్వవచ్చు. షుగర్ ఉన్నవారికి ఇస్తే మాత్రం రోజూ షుగర్ చూడాలి. రెండోది, అసలు ఉపశమనానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంతవరకు నొప్పి మాత్రలు ఆపకూడదు.

ఇప్పుడు వెన్నుపాము. ఈ లేఖలో ఒక్క పేరానే చదివే తీరిక ఉంటే దీన్ని చదవండి. వెన్నుపూసలోని క్యాన్సర్ వెనక్కి పెరిగి వెన్నుపామును నొక్కితే, కాళ్లు నిలబడతాయా లేదా అన్నది గంటల మీద ఆధారపడుతుంది. చికిత్స మొదలయ్యేటప్పటికి నడుస్తున్నవారు చాలామంది తర్వాతా నడుస్తారు. అప్పటికే మంచాన పడ్డవారిలో లేచి నడిచేవారు తక్కువ. కాళ్లు చచ్చుబడటానికి ముందు సాధారణంగా రోజులో వారాలో నొప్పి ఉంటుంది. పడుకుంటే, దగ్గితే, ముక్కితే పెరిగే నొప్పి, నడుము చుట్టూ పట్టీ బిగించినట్టుండే నొప్పి అది. తర్వాత మెట్లు ఎక్కడం కష్టమవుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం బిగుసుకుపోతుంది. మూత్రం ఆగిపోయిందంటే ప్రోస్టేటే కారణమని క్యాథెటర్ వేసి పంపేస్తారు. ప్రోస్టేట్ రోగుల్లో ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. క్యాథెటర్ వేసే ముందు కాళ్ల బలం ఒక్కసారి పరీక్షించండి.

అనుమానం వస్తే వెన్నెముక మొత్తానికి 24 గంటల్లోపు ఎంఆర్ఐ తీయాలి. ఎక్స్‌రే సరిపోదు. నడుము భాగం ఒక్కటే తీస్తే పైన ఇంకోచోట ఉన్న ఒత్తిడి తప్పిపోతుంది. కాళ్లు బలహీనపడి ఉంటే ఎంఆర్ఐ కోసం ఆగకుండానే డెక్సామెథసోన్ 16 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, కడుపుకు రక్షణగా మందు కలపాలి. ఒత్తిడి ఖాయమైతే వెన్నెముక సర్జన్ అభిప్రాయం అదే రోజు తీసుకోవాలి. ఒకేచోట ఒత్తిడి ఉండి, ఆయుర్దాయం నెలల్లో ఉన్న మనిషికి ఆపరేషన్ చేసి తర్వాత రేడియేషన్ ఇస్తే నడక ఎక్కువగా నిలుస్తుంది. ఆపరేషన్ కుదరనివారికి ఆ రోజే రేడియేషన్. 2019లో వచ్చిన స్కోరాడ్ ఫలితాల్లో ఒక్క సిట్టింగ్‌లో 8 గ్రే తీసుకున్నవారిలో 69 శాతం, అయిదు సిట్టింగుల్లో 20 గ్రే తీసుకున్నవారిలో 73 శాతం మంది ఎనిమిదో వారానికి నడవగలిగారు. రెండూ సమానమేనని గణాంకాలు గట్టిగా తేల్చలేదు గానీ, ఆయుష్షు తక్కువున్న మనిషికి ఒక్క సిట్టింగ్ న్యాయమైన ఎంపికే. శనివారం రాత్రి ప్లానింగ్ చేసే మనిషి లేడన్నది కారణం కాకూడదు. సెలవు రోజుల్లో పిలిస్తే వచ్చే డాక్టరు, ఫిజిసిస్టు, టెక్నాలజిస్టు ఎవరో వారం ముందే జాబితా పెట్టండి.

యూరాలజిస్టులకు ఇక్కడే ఒక మాట. లూప్రొలైడ్ లాంటి హార్మోన్ ఇంజక్షన్ మొదట వేసినప్పుడు టెస్టోస్టిరాన్ తగ్గేముందు ఒకటి రెండు వారాలు పెరుగుతుంది. వెన్నుపూసల్లో క్యాన్సర్ ఉన్న మనిషికి ఆ పెరుగుదలే వెన్నుపాము మీద ఒత్తిడి తేవచ్చు. టెస్టోస్టిరాన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్ర ముందే మొదలుపెట్టి తర్వాత ఇంజక్షన్ వేయండి. ఒత్తిడి లక్షణాలు అప్పటికే ఉంటే ఆ పెరుగుదల లేని డెగారెలిక్స్ ఇంజక్షన్ వాడండి, లేదా వృషణాలు తొలగించే ఆపరేషన్ చేయండి. రేడియేషన్‌తో కలిపి ఇచ్చే హార్మోన్ ఇంజక్షన్ ఎప్పుడు ఆపాలో కూడా మొదటి రోజే రాసిపెట్టాలి. మధ్యస్థ ప్రమాద స్థాయిలో ఇచ్చినప్పుడు సుమారు ఆరు నెలలు, ఎక్కువ ప్రమాద స్థాయిలో ఏడాదిన్నర నుంచి మూడేళ్లు. ఆపే తేదీ ఫైల్లో లేనందువల్ల ఏళ్ల తరబడి ఇంజక్షన్ నడుస్తూ ఎముకలు గుల్లబారినవారు ఉన్నారు.

మిగతా మందులు పనిచేయడం మానేసినప్పుడు వాడే లుటీషియం-177 పీఎస్ఎంఏ చికిత్స (రక్తనాళంలోకి ఎక్కించే రేడియోధార్మిక మందు) గురించి క్లుప్తంగా. 7.4 గిగాబెకరెల్స్ (రేడియోధార్మికత కొలత) చొప్పున ఆరు వారాలకోసారి, గరిష్ఠంగా ఆరు సార్లు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ తీసుకున్న మనిషి ఒంట్లో ఏమీ మిగలదు, మనవళ్లను ఎత్తుకోవచ్చు. లుటీషియం తీసుకున్న మనిషి మూత్రంలో మొదటి రోజుల్లో రేడియోధార్మికత బయటికి వస్తుంది. కూర్చుని మూత్రం పోయాలి, రెండుసార్లు నీళ్లు వదలాలి, చిన్నపిల్లలకూ గర్భిణులకూ కొన్నాళ్లు దూరంగా ఉండాలి. ఈ రెండు చికిత్సలకూ ఒకటే సూచనల కాగితం ఇచ్చే విభాగాలు దాన్ని ఈ రోజే రెండుగా విడదీయాలి.

చికిత్స ముగిశాక రోగి చేతికి ఒక కార్డు ఇవ్వమని కోరుతున్నాం. ఎక్కడికి, ఎంత డోసు, ఎన్ని సిట్టింగుల్లో, ఏ తేదీల మధ్య ఇచ్చారో దానిమీద ఉండాలి. అతి తక్కువకు చేరిన పీఎస్ఏ మీద 2 నానోగ్రాములు పెరిగితేనే రేడియేషన్ తర్వాత తిరగబెట్టినట్టు లెక్క అని ఉండాలి. ఎందుకంటే మొదటి రెండు మూడేళ్లలో పీఎస్ఏ కాస్త పెరిగి తనంతట తానే తగ్గడం మామూలే, ఆ పెరుగుదల చూసి కంగారుపడి హార్మోన్ ఇంజక్షన్ వేయించుకునేవారు ఉన్నారు. ఆపరేషన్ తర్వాత లెక్క ఇది కాదు. అక్కడ పీఎస్ఏ 0.1 దాటి పెరగడం మొదలవగానే రేడియేషన్ గురించి మాట్లాడాలి, 2 వరకు ఆగితే మంచి అవకాశం చేజారుతుంది. వెన్ను లక్షణాలకు పగలూ రాత్రీ పలికే ఫోన్ నంబరు ఉండాలి.

కార్డు వెనక పెద్ద అక్షరాలతో ఇంకో హెచ్చరిక వేయించండి. ఆరు నెలల నుంచి రెండు మూడేళ్ల లోపు కొందరికి మలంలో ఎర్రటి రక్తం కనబడుతుంది. పేగు డాక్టరు కొలనోస్కోపీ చేస్తారు, చేయాల్సిందే, పైన ఇంకో జబ్బు లేదని తెలియాలి. కానీ మలాశయం ముందు గోడ మీద, ప్రోస్టేట్‌కు ఆనుకున్న చోట, పాలిపోయిన పొర మీద సన్నటి ఎర్ర రక్తనాళాలు అల్లుకుని కనబడితే అది రేడియేషన్ గుర్తే. అక్కడి నుంచి బయాప్సీ ముక్క తీస్తే పుండు మానదు, మెల్లగా లోతుకు దిగి మలాశయానికీ మూత్రమార్గానికీ మధ్య రంధ్రం పడవచ్చు. రక్తం కొద్దిగా ఉంటే మలబద్ధకం లేకుండా చూసుకుంటే చాలు. ఎక్కువైతే పుండు మీద పూతలా పట్టే సుక్రాల్‌ఫేట్ మందు ఎనిమాలు, అప్పటికీ ఆగకపోతే అనుభవమున్నవారి చేత ఆ రక్తనాళాలను ఆర్గాన్ ప్లాస్మాతో (వేడి వాయువుతో) జాగ్రత్తగా మాడ్చడం. అందుకే కార్డు వెనక వేయాల్సింది ఇది: 'ప్రోస్టేట్‌కు రేడియేషన్ అయింది, మలాశయం ముందు గోడ నుంచి బయాప్సీ తీసే ముందు మాకు ఫోన్ చేయండి' అన్న వాక్యం, కింద విభాగం నంబరు. ఆ కార్డు రోగి దగ్గర ఒకటి, ఇంట్లోవాళ్ల దగ్గర ఒకటి, రోజూ చూసే డాక్టరు ఫైల్లో ఒకటి ఉండాలి.

ఇట్లు,
రేడియేషన్ విభాగాల్లో పనిచేసే వైద్యులం, ఫిజిసిస్టులం, టెక్నాలజిస్టులం